రంగు పోయిన బంగారం

పిల్లలూ, ఇంత దూరాన పెరుగుతున్నారు కాబట్టి జోగారావు మాస్టారి కథ మీ చెవిన పడి ఉండదు. ఆయన వాల్తేరులో రసాయనశాస్త్రం చెప్పేవారు. ఆ రోజుల్లో ప్రయోగశాల కిటికీ తీస్తే చాలు, సముద్రపు గాలికి అద్దాల మీద ఉప్పుపొర కమ్మేది. ఎవరైనా ప్రశ్న అడిగితే మాస్టారు జవాబు చెప్పేవారు కాదు. ఒక గాజు కుప్పె చేతికిచ్చి కడగమనేవారు.

ఆయన దగ్గర పరిశోధన చేసే కుసుమకుమారికి నీరజ అని ఒక్కతే కూతురు. పార్వతీపురంలో మేనత్త దగ్గర ఉండి చదువుకునేది. కుసుమ రోజూ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, తిన్నావా, చదివావా, జడ ఎవరు వేశారు అని ఆరా తీసేది. ఆ వారం నీరజ ఫోను దగ్గరికి రావడమే మానేసింది.

"దూరాన ఉన్న పిల్లని ఎలా దిద్దుకోవాలి సర్?" అంది కుసుమ.

మాస్టారు కుప్పె అందించారు.

ఆనాటి పని, కంటికి కనిపించనంత సన్నని బంగారు కడ్డీలు పెంచడం. సబ్బులాంటి పదార్థం కలిపిన నీళ్లలో బంగారు లవణం పసుప్పచ్చగా మెరుస్తోంది. విటమిన్ సి చుక్కలు పడగానే ఆ రంగు పోయి మంచినీళ్లలా అయింది. అందులో కుసుమ విత్తనాలుగా బంగారపు నలుసులు వేసింది. ఇక కదపకుండా వదిలెయ్యాలి. ఆమెకి మనసు నిలవలేదు. బంగారం ఏమైపోయిందోనని కుప్పెని కుదిపి, ఇంకాస్త విటమిన్ పోసింది.

"దానికేమైనా జలుబు చేసిందా అమ్మా?" అన్నారు మాస్టారు.

చూస్తుండగానే నీళ్లు ఎర్రబడ్డాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే అన్నీ ఉండలే. ఒక్క కడ్డీ లేదు.

మర్నాడు మళ్లీ మొదలుపెట్టించారు. విత్తనాలు వేశాక కుసుమ కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉండబట్టలేక ఫోన్ బూత్‌కి నడిచింది.

"దాన్ని పిలవకు వదినా. నేనున్నానని చెప్పు, చాలు," అంది ఆడపడుచుతో.

ఫోను పెట్టెయ్యబోతుంటే అవతల చిన్న గొంతు పలికింది. "అమ్మా, ఇవాళ జడ నేనే వేసుకున్నాను. వంకరగా వచ్చింది."

తిరిగొచ్చేసరికి కుప్పెలో నీళ్లు నేరేడు రంగుకి తిరుగుతున్నాయి. ఈసారి మైక్రోస్కోపులో సన్నబియ్యం గింజల్లా కడ్డీలు కనిపించాయి.

"వీటిని ఇంత పొడుగ్గా లాగిందెవరు సర్?"

"ఎవరూ లాగలేదమ్మా. సబ్బు వాటి పక్కలు పట్టుకుని ఉంది. కొసలు వదిలేసింది."

ఈ కథ మీ తర్వాతివాళ్లకి చెప్పండి. మీకు తోచినట్టే చెప్పండి.