ముద్ద పెట్టని అరుగు

అనగనగా కాయాపురం అనే ఊరు, దానికో రాజు, ఆ రాజుకు చంద్రలేఖ అని ఒక్కగానొక్క కూతురు. ఆ ఊళ్లో ఒక ఆచారం ఉందర్రా. ఏ ఇంట్లో ఏం వండినా పొద్దున్నే ఒక ముద్ద వీధి అరుగు మీద పెట్టాలి. మా ఇంట్లో దాపరికం లేదు, చూసుకోండి అని.

కంటకుడనే మాంత్రికుడు ఏడు సముద్రాలు దాటొచ్చి ఆ ఊళ్లో పడ్డాడు. మాంత్రికుల ప్రాణం ఒక్క చిలకలో ఉంటుందంటారు కదా, వీడు మహా గడుసు పిండం! చాటుగా ఇళ్లల్లో దూరి, తన ప్రాణం పంచి ఇంటికో చిలక గుడ్డులో పెట్టి, ఆ ఇంటివాళ్లచేతే పొదిగించేవాడు. గుడ్డున్న ఇంటి ముద్దలో చిలక ఈక కనబడేది. ఒక్కో గుడ్డు వేడెక్కినప్పుడల్లా చంద్రలేఖకు జ్వరం ఒక మెట్టు ఎక్కేది. ఇంకో మూడు రోజులైతే పిల్ల దక్కదన్నారు వైద్యులు.

ఇల్లు కూలిస్తే తప్ప చితకని ఆ గుడ్ల కోసం రాజు ముగ్గురన్నదమ్ముల్ని పిలిపించాడు. పెద్దవాడు చారన్న, అరుగు అరుగూ తిరిగి ముద్దలు చూసే వేగులవాడు. నడిమివాడు చాటన్న, డప్పు కొట్టేవాడు. చిన్నవాడు వేటన్న, గునపంతో ఒక్క పోటున ఇల్లు కూల్చేవాడు. వీడికి చెయ్యి దురదెక్కువ.

మొదటిరోజు వేటన్న ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. ఒక ముద్దలో పచ్చగా ఏదో కనబడింది. చిలక ఈకే అనుకుని ఇల్లు కూల్చేశాడు. తీరా చూస్తే గోంగూర! ఆ ఇంటి అవ్వ పెట్టిన శాపనార్థాలు ఊరంతా వినబడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. దాంతో రాజు గట్టిగా చెప్పాడు, చారన్న ఈక తేవాలి, చాటన్న దాన్ని చూసి డప్పు కొట్టాలి, ఆ తర్వాతే గునపం లేవాలని.

రెండోరోజు చూడాలి వాళ్ల జోరు! చారన్న ఈక తేవడం, చాటన్న డప్పు దడదడలాడించడం, వేటన్న ఇంట్లోవాళ్లను బయటికి పంపి ఇల్లు కూల్చడం. గుడ్లకు గుడ్లే చితికిపోయాయి.

కంటకుడు ఊరుకుంటాడా? మూడోరోజు తన గుడ్లున్న ఇళ్లల్లో ముద్ద పెట్టడమే మాన్పించాడు. ఈక దొరక్క చారన్న కాళ్లు అరిగిపోయాయి. అవతల రాజకుమారికి మాట పడిపోయింది. అప్పుడు తట్టింది చాటన్నకు, ముద్ద పెట్టని ఇల్లే దొంగ ఇల్లని! మళ్లీ డప్పు మోగింది, మళ్లీ గునపం లేచింది. ఆఖరికి ఖాళీ అరుగు ఒక్కటే మిగిలింది.

అది వాళ్ల ఇల్లే. అన్నదమ్ములు ఊరంతా తిరుగుతుంటే అదను చూసి కంటకుడు దూరాడన్నమాట. నాన్న తన చేతులతో కట్టిన ఇల్లు అది. ముగ్గురికీ ఏడుపు ఆగలేదు, చాటన్న చెయ్యి లేవలేదు.

"కొట్టన్నా," అన్నాడు వేటన్న. "ఊళ్లోవాళ్ల ఇళ్లు కూల్చి, మనది దాచుకుంటామా?"

డప్పు మోగింది. ఇల్లు కూలింది. ఆఖరి గుడ్డు చితికి, కంటకుడు నిలుచున్నచోటే బూడిదయ్యాడు. చంద్రలేఖ లేచి కూర్చుని గంజి అడిగింది!

చేసుకుంటే వేటన్ననే చేసుకుంటానంది ఆ పిల్ల. పెళ్లికూతుర్ని ఏ గడప దాటించాలని వేటన్న దిగులుపడితే, ఊరు ఊరంతా కదిలి కూలిన ఇళ్లన్నీ లేపింది, వాళ్ల ఇంటికైతే తలా ఒక ఇటుక మోసింది. వాళ్లు నూరేళ్లు చల్లగా ఏలారు.

ఆ ఊరెక్కడంటారా? మీ ఒళ్లేనర్రా కాయాపురం! ఆ ఇళ్లనే కణాలంటారు, వాటిలో దూరే కంటకుణ్ణి వైరస్ అంటారు, ఆ అన్నదమ్ముల్ని తెల్లరక్తకణాలంటారు. మొన్న మీకు జ్వరమొచ్చి తగ్గిందే, లోపల ఎన్ని ఇళ్లు కూలాయో, ఎన్ని మళ్లీ లేచాయో!