పళ్లెం పగడం నోటి ముద్ద

అనగనగా ఒక సముద్రం. పెద్దదేమీ కాదు పిల్లలూ, నాలుగడుగుల గాజు తొట్టిలో పట్టేంత. విశాఖపట్నంలో ఒక ఇంటి హాల్లో, షోకేసుకు ఎదురుగా ఉండేది. పోర్టులో పనిచేసే వరహాలరావు దాన్ని ఇష్టంగా పెట్టుకున్నాడు.

ఆ తొట్టి అడుగున, ఇసుక మీద, ఒక పళ్లెం పగడం ఉండేది. పగడమంటే రాయి కాదు, మొక్కా కాదు. అదొక జంతువు. ఇది టిఫిను ప్లేటంత గుండ్రంగా, ఆకుపచ్చగా ఉండేది. లోపల ఎముక, పైన పల్చటి చర్మం, నడిమధ్య గీతలాంటి నోరు. ఆరోగ్యంగా ఉంటే పగలంతా నీళ్లు పీల్చి బూరెలా పొంగుతుంది. ఎవరైనా కొట్టడానికి వస్తే పారిపోవడం దానికి చేతకాదు.

అమ్మిన దుకాణదారు వరహాలరావుకు రెండు మాటలు చెప్పాడు. "రాతి మీద పెట్టకండి సార్, పొంగినప్పుడు చర్మం కోసుకుపోతుంది. ఇసుక మీదే ఉంచండి. వారానికోసారి ఆల్చిప్ప మాంసం సన్నగా తరిగి గొట్టంతో నోటి మీద వదలండి. అది మింగడానికి అరగంట పడుతుంది. అంతసేపూ సగానికి కోసిన ప్లాస్టిక్ సీసా ఒకటి దాని మీద బోర్లించి ఉంచండి. లేకపోతే పక్కవాళ్లు తినేస్తారు."

రెండు ఆదివారాలు వరహాలరావు అలాగే చేశాడు. మూడో ఆదివారం మాంసం వదిలాడు, సీసా బోర్లించేలోగా ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి పగడం నోటి మీద ఏమీ లేదు.

"ఐదు నిమిషాల్లో ఊడ్చేసింది," అని భార్య సుభాషిణితో సంతోషంగా చెప్పాడు. "ఇక సీసా ఎందుకు?"

తిన్నది పగడం కాదు. అదే తొట్టిలో ఎర్రచారల రొయ్య ఒకటి ఉండేది. పైన తిరిగే రెండు చేపలకు వేసే మేతలో రాలిందే దానికి దక్కేది. ఆ రోజు దాని కడుపు మొదటిసారి నిండింది.

"తమ్ముడూ, అందులో సగమైనా నాకు వదలాల్సింది," అంది పగడం.

"నీకేం తక్కువక్కా? పైన దీపం వెలుగుతోంది. వెలుతురు తిని బతికే జాతి నీది. నేను వెలుతురు తింటే ఆకలి తీరుతుందా?"

"వెలుతురు సగం కడుపే నింపుతుంది తమ్ముడూ. మిగతా సగం ఆ ముద్దే."

మరుసటి ఆదివారం సీసా లేదు. రొయ్య ముద్దను పగడం పెదవి మీదనుంచే ఎత్తుకుపోయింది. ఆ పై ఆదివారం పగడం తొందరపడి ఒక ముక్క మింగింది. రొయ్య దాని నోట్లోకి కాలు పెట్టి, ఆ ముక్కను బయటికి లాగింది.

గాజు మీద పాచి నాకుతున్న ముసలి నత్త అది చూసింది.

"ఒరే మనవడా, ఆ ముద్ద నీ పేరు మీద రావడం లేదు. దాని పేరు మీద వస్తోంది," అంది.

"ముద్ద వచ్చేది గొట్టంలోంచి తాతా. నీకు కళ్లు కూడా నెమ్మదే," అంది రొయ్య.

నత్త ముందుకు జరిగింది. నాకడానికి ఇంకా చాలా గాజు ఉంది.

పగడం పొంగడం తగ్గించింది. వరహాలరావు కంగారుపడ్డాడు. నీటిలో ఉప్పు కొలిచాడు, సరిగ్గా ఉంది. వేడి కొలిచాడు, సరిగ్గా ఉంది. ఆవిరైన మేరకు ఉప్పులేని మంచినీళ్లే పోస్తున్నాడు, అందులోనూ తప్పు లేదు. అన్నిటినీ పుస్తకంలో రాసుకున్నాడు. ముద్ద వదిలాక అరగంట కూర్చుని మాత్రం చూడలేదు.

"తిండి బాగానే తింటోంది కదండీ, మరి ఎందుకిలా?" అంది సుభాషిణి.

"అదే అర్థం కావడం లేదు," అన్నాడు వరహాలరావు.

నాలుగో నెలలో పగడం అంచు చుట్టూ చర్మం తగ్గి ఎముక బయటపడింది. ఒక ఉదయం అది రొయ్యను పిలిచింది.

"తమ్ముడూ, ఈ ఒక్క ఆదివారం వదులు."

"వచ్చే వారం చూద్దాంలే అక్కా," అంది రొయ్య.

వచ్చే వారానికి పగడం లేదు. ఇసుక మీద ఎముక మాత్రం ఉంది. వరహాలరావు కాసేపు చూసి, గొట్టం కడిగి సొరుగులో పెట్టేశాడు. ఆ ఆదివారం రొయ్య ఇసుక మీద నిలబడి ఎదురుచూసింది. ముద్ద రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. రొయ్యకు అప్పుడు నత్త మాట అర్థమైంది.

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు ఎముక అంచున పెసరగింజంత మొలకలు మూడు కనబడ్డాయి, ఆకుపచ్చగా.

"దాని పిల్లలురా," అంది నత్త. "పళ్లెం పగడం చచ్చినా, ఎముక నీళ్లలోనే ఉంటే ఒక్కోసారి ఇలా మొలుస్తాయి. పాచి కమ్మకుండా చూడు."

"నేను చూస్తాను తాతా," అంది రొయ్య. ఈసారి దాని గొంతులో వెటకారం లేదు. "వీటి నోటి దగ్గరికి పోను. ఎవరినీ పోనివ్వను."

అన్నమాట నిలబెట్టుకుంది. ఆకలితోనే రోజంతా ఎముక మీద కూర్చుని పాచి పోగు ఒక్కొక్కటే పీకేది. నత్త కూడా గాజు వదిలి వచ్చి, మొలకలకు తగలకుండా నాకేది. నెల తిరిగేసరికి ఎముక పాలరాయిలా తెల్లబడింది.

తెల్లబడింది కాబట్టే సుభాషిణి కంట పడింది.

"ఏమండీ, ఎంత బాగుందో చూడండి, పువ్వులాగా. నీళ్లలో ఎందుకు, షోకేసులో పెడదాం."

వరహాలరావు చెయ్యి నీళ్లలోకి దిగింది. రొయ్య ఒక వేలు పట్టుకుంది. ఆయన చెయ్యి మెల్లగా విదిలించాడు.

"ఈ రొయ్యకు మనమంటే ఎంత చనువో," అన్నాడు.

వంటింటి సింకులో పాత బ్రష్షుతో ఎముకను రుద్దాడు. మూడు మొలకలూ రాలి నీళ్లతో పోయాయి. ఆయన కళ్లజోడు హాల్లో ఉంది.

ఎముక ఇప్పుడు షోకేసులో ఉంది, తొట్టికి సరిగ్గా ఎదురుగా. ఆదివారం ఉదయం రొయ్య ఇసుక మీది ఆ ఖాళీ చోటికి వస్తుంది. షోకేసు వైపు చూస్తుంది. నత్త గాజు నాకుతూ దాని ముందు నుంచి వెళ్తుంది.

నీతి: ఎవరి పేరు మీద మన కడుపు నిండుతోందో, వారి నోటి ముద్ద లాక్కోకూడదు. కాపలా కాయవలసింది వారు బతికి ఉన్నప్పుడే.