పిలకల రాకుమారి, పేరిందేవి అరుగు

అనగా అనగా, మన ఊరు కాదు, మన పక్కూరూ కాదు, ఏటికి ఆవలి ఒడ్డున మువ్వలపేట అని ఒక ఊరు. దగ్గరికి జరగండమ్మా. దుప్పటంతా నువ్వొక్కదానివే లాక్కోకే, చెల్లికీ కప్పు. ఊ కొడుతూ వినాలి మరి. మీరు ఊ కొట్టడం మానేస్తే కథ దారి మధ్యలో చతికిలబడుతుంది, మళ్ళీ లేపడం నా వల్ల కాదు.

ఆ మువ్వలపేటలో పేరిందేవి అని ఒక కోడలు ఉండేది. అత్తగారి పేరు అచ్చాయమ్మ. పేరిందేవికి బుల్లెమ్మ అని ఒక కూతురు. ఆ పిల్ల జడ నడుము దాటి ఊగుతుండేది. పేరిందేవి చేతుల్లో దేవుడు ఏం పెట్టి పుట్టించాడో గానీ, ఎలాంటి తలైనా సరే ఆవిడ మోకాళ్ళ మధ్యకి వచ్చిందంటే ముచ్చటగా తయారై లేచేది. పండగ వచ్చిందంటే ఊళ్ళో ఆడపిల్లలంతా ఆవిడ అరుగు మీదే. తలంట్లు పోసుకుని, సాంబ్రాణి పొగ పట్టించుకుని, ఒకరి వెనక ఒకరు బారుగా కూర్చునేవాళ్ళు. ఒత్తు జుట్టుకి అయిదు పాయల జడ. పల్చటి జుట్టుకి సవరం కలిపి ఒంటి జడ. కుదురు లేని పిల్లలకి రెండు జడలు వేసి పైకి మడిచి రిబ్బన్లు కట్టడం. పెద్ద పండగైతే పూలజడ. అరటి పట్టని జడంత పొడుగు చీల్చి, దాని మీద జాజిమొగ్గలు సూదీ దారంతో వరసగా కుట్టి, నడుమ నడుమ కనకాంబరాలు పెట్టి, అంచుకి మరువం చుట్టి, దాన్ని జడ మీద కట్టి, చివర కుచ్చులు వేలాడదీసేది. చిక్కు తీసేటప్పుడు పిల్లలు ఏడవకుండా ఒక పాట కూడా పాడేది.

చిక్కూ చిక్కూ చిన్నారి చిక్కూ,
నూనె చుక్క నీకు దక్కు,
దువ్వెనమ్మ వస్తోంది,
దారి వదిలి పక్కకి నక్కు.

పాట అయ్యేలోపు చిక్కు పోయేది. పోకపోతే మళ్ళీ పాట. అప్పటికీ పోకపోతే, ఇది చిక్కు కాదే పిచ్చుక గూడు, గుడ్లు పెట్టిందేమో చూడు అని పిల్లని నవ్వించి, ఆ నవ్వులో చటుక్కున లాగేసేది.

ఊ అంటున్నారా? సరే.

ఆ ఊరి రాజు చండసేనుడు. ఆయనకి ఒక్కతే కూతురు, మరకతం. తల్లి లేని పిల్ల. ఒక ఏడు ఆ పిల్లకి విషజ్వరం తగులుకుంది. భగవంతుడి దయ వల్ల పిల్ల దక్కింది గానీ, దువ్వెన పెడితే జుట్టు గుప్పెళ్ళకొద్దీ ఊడి రావడం మొదలెట్టింది. గుండు చేయిస్తే మళ్ళీ ఒత్తుగా వస్తుందని వైద్యుడు చెప్పాడు, చేయించారు. తర్వాత జుట్టు మొలిచింది. మొలిచింది అంటే ఎంత, నా చిటికెన వేలంత.

ఇంతలో అట్లతద్ది దగ్గర పడింది. గోరింటాకులు, ఉయ్యాలలు, గౌరమ్మ పూజ. పేరిందేవి అరుగు మీద పిల్లల సందడి మొదలైంది. మరకతం మేడ మీద కిటికీలో కూర్చుని ఆ వీధి వంకే చూస్తూ ఉండేది. రాజు గారు అది గమనించాడు. పిల్ల దిగులుగా ఉంది. వీధిలో జడలున్నాయి. ఇక్కడ జుట్టు లేదు. అంతే, ఆయన బుర్రకి ఇంకేమీ తట్టలేదు. తద్ది నాటికి ఊళ్ళో ఏ ఆడపిల్ల తల మీదా వెంట్రుక ఉండకూడదు, అందరికీ గుండ్లు కొట్టించండి, అప్పుడు నా బిడ్డకి లోటు తెలీదు అన్నాడు. రాజు మంత్రితో అన్నాడు, మంత్రి తలారితో అన్నాడు, తలారి డప్పువాడితో అన్నాడు, డప్పువాడు డప్పుతో అన్నాడు, డప్పు ఊరంతటితో అంది.

విన్నారా ఆ మాట? ఆయన కాలు బెణికితే ఊరంతా కుంటాలా? ఆయనకి జలుబు చేస్తే ఊరంతా చీదుతూ కూర్చోవాలా? పోనీ నీ కూతురి దిగులు తీర్చాలని ఉంటే ఆ పిల్ల దగ్గర కూర్చుని నీకేం కావాలమ్మా అని అడగొచ్చుగా. అబ్బే. సింహాసనం ఎక్కాక కిందకి వంగి అడగడం రాదు కొందరికి. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోతుంది.

నాకే ఇలా ఉంటే పేరిందేవికెలా ఉంటుంది? డప్పు వినబడేటప్పటికి ఆవిడ బుల్లెమ్మ తలకి నూనె రాస్తోంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమంటున్నాడత్తయ్యా వాడు?" అంది.

"నెమ్మదిగా మాట్లాడవే, వాడింకా సందు మలుపులోనే ఉన్నాడు," అంది అచ్చాయమ్మ. "రాజుతో మనకెందుకు. జుట్టే కదా, మళ్ళీ మొలుస్తుంది."

"అయితే ముందు మీది ఇచ్చెయ్యండి. మీకూ మొలుస్తుంది."

అచ్చాయమ్మ చెయ్యి తనకి తెలీకుండానే ముడి మీదికి పోయింది. "మధ్యలో నా జోలికెందుకే," అంది. అని, మనవరాలి వంక చూసింది. బుల్లెమ్మ తన జడని రెండు చేతులా పట్టుకుని, నూనె కారుతున్నా తుడుచుకోకుండా కూర్చునుంది. ముసలావిడ ముక్కుపుటాలు ఎగిరాయి. "అసలా రాజు తల్లి బతికుంటే వాణ్ణి చెవి పట్టుకుని ఆడించేది," అంది. ఇక చూడండి, కోడలి కంటే అత్తగారి నోరే ఎక్కువ లేచింది.

సాయంత్రానికి తల్లులందరూ పేరిందేవి అరుగు మీద చేరారు. ఒకావిడ తన పిల్లని ధాన్యం గాదెలో దాచొచ్చింది. ఇంకొకావిడ పిల్లకి పంచె కట్టి, తలపాగా చుట్టి, మగపిల్లాడని చెప్పమంది. ఆ మగపిల్లాడు నడుస్తుంటే కాళ్ళ పట్టీలు ఘల్లుఘల్లుమంటున్నాయి. నవ్వొచ్చే సంగతే గానీ అక్కడ ఎవరూ నవ్వలేదు.

వాళ్ళని కూర్చోబెట్టి పేరిందేవి లోపలికెళ్ళి సందెదీపం పెట్టింది. ఎదురుగా వెంకన్న పటం. ఆవిడకి దేవుడితో మనసులో మాట దాచుకునే అలవాటు లేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయన్నే నిలదీసింది. తలనీలాలు అడిగే హక్కు నీకొక్కడికే ఉందనుకున్నాను స్వామీ, మధ్యలో ఈయనెవరు అంది. నీ సొమ్ము మీద వాడు చెయ్యేస్తుంటే నువ్వు చూస్తూ ఊరుకుంటావా అంది. అలా అంటూ అంటూ ఆగింది. బుల్లెమ్మకి జ్వరం వచ్చినప్పుడు తను ఇదే పటం ముందు పసుపు గుడ్డలో ముడుపు కట్టింది. మరి మరకతానికి అంత జబ్బు చేస్తే? తల్లి కట్టాల్సిన ముడుపు, తల్లి లేదు. రాజుకి తోచలేదు. ఊళ్ళో ఇంతమంది అమ్మలున్నారు, ఒక్కరూ కట్టలేదు. ఏం మనుషులం అనుకుంది. కోపం చల్లారలేదు గానీ, అందులో కొంత తన మీదికీ తిరిగింది.

పొద్దున్నే పిల్లలందరినీ రమ్మంది. కొత్త గుడ్డ పసుపులో ముంచి పీలికలు చేసింది. ఒక్కొక్క పీలికలో నాలుగు అక్షింతలు పెట్టి, ఒక్కొక్క జడ కొసకి ముడి వేసి, పిల్లలందరి చేతా దణ్ణం పెట్టించి తన వెంట ఇలా పలికించింది. స్వామీ, మా రాకుమారి జుట్టు జడకి అందేంత పెరిగితే మేమంతా నీ కొండకొచ్చి మూడు కత్తెర్లు ఇచ్చుకుంటాం, అప్పటిదాకా ఈ జుట్టు నీది. మూడు కత్తెర్లంటే తెలుసుగా, గుండు బదులు కాస్త కొసలు కత్తిరించి ఇస్తారు, మీ అమ్మ కూడా ఇచ్చింది. పిల్లలు ఆ మాట దొంగగా అనలేదు. జ్వరం పడి లేచిన పిల్ల కోసం మనసారా అన్నారు.

మంగలి పోలయ్య వచ్చాడు, వెనక భటులు వచ్చారు. పోలయ్య బుల్లెమ్మ జడ పట్టుకుని, కొసన పసుపు ముడి చూసి, కత్తి మడిచి పొదిలో పెట్టేసుకున్నాడు.

"ఇది మొక్కుకున్న జుట్టు. దీని మీద నేను కత్తి పెట్టను బాబూ," అన్నాడు భటులతో. "కావాలంటే మీ నడుముకీ కత్తులున్నాయి, మీరే కొయ్యండి."

భటులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవడి ఇంట్లో వాడికి కూతుళ్ళున్నారు. సరే పక్కింటికి పదండి అన్నారు. పక్కింట్లో పసుపు ముడి. ఎదురింట్లో పసుపు ముడి. గాదెలో పిల్లకి పసుపు ముడి. పంచె కట్టిన పిల్లకి, తలపాగా విప్పితే అక్కడా పసుపు ముడి. ఉత్త చేతులతో కోటకి తిరిగొచ్చారు.

రాజు మండిపడ్డాడు. ఆ పేరిందేవిని పట్టుకు రమ్మన్నాడు. పట్టుకు రావడం దేనికి, ఆవిడే ముందు నడిచింది. వెనకాల అచ్చాయమ్మ. నువ్వెందుకమ్మా అని భటుడంటే, నా కోడలు మాట మధ్యలో ఆపితే అందించడానికి అంది.

"నా ఆజ్ఞకి అడ్డంగా మొక్కులు మొక్కమని నీకెవరు చెప్పారు?" అన్నాడు రాజు.

"మొక్కుకి ఎవరి సెలవూ అక్కర్లేదు మహారాజా," అంది పేరిందేవి. "మా పిల్లలు మొక్కింది మీ అమ్మాయి జుట్టు పెరగాలని. ఇప్పుడు వీళ్ళ జుట్టు తీయించేస్తే మొక్కు చెడుతుంది. ఆపైన మీ ఇష్టం."

ఊరంతా తన మీద కత్తి కడుతుందనుకున్నాడు రాజు గానీ, తన బిడ్డ కోసం దణ్ణం పెడుతుందని ఆయనకి తట్టలేదు. కానీ పేరిందేవి కోపం అంతటితో తీరలేదు. ఇంతకీ మీ అమ్మాయి అడిగిందా గుండ్లు కొట్టించమని అంది. రాజు నీళ్ళు నమిలాడు. అడగలేదన్నాడు. మీరైనా ఆ పిల్లని అడిగారా అంది. రాజు కిరీటం సర్దుకున్నాడు.

"అడగలేదు, చూడు మొహం," అంది వెనక నుంచి అచ్చాయమ్మ.

మరకతాన్ని పిలిపించారు. పాపం, తల చుట్టూ పట్టుగుడ్డ కప్పుకుని వచ్చింది. తండ్రి చేయబోయిన పని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది. తెలిసి, ఎర్రబడిపోయింది. వాళ్ళ జడలు చూసి నాకు ఏడుపు రాలేదు నాన్నగారూ అంది. ఆ అరుగు మీద వాళ్ళ వరసలో కూర్చోవాలనిపించింది. మీరు వాళ్ళందరికీ గుండ్లు కొట్టిస్తే, నా వల్లే అని తిట్టుకుంటారు, ఇక నన్ను ఉయ్యాలకి ఎవరు పిలుస్తారు అని అడిగింది. రాజు సింహాసనం దిగి వచ్చి కూతురి ముందు కూర్చున్నాడు. అడగాల్సింది తల్లీ, తప్పే అన్నాడు. దండోరా వెనక్కి తీసుకున్నాడు.

అయితే తద్ది నాడు ఈ పేరిందేవినే కోటకి రప్పిస్తా, నీకు ఇక్కడే అలంకారం చేస్తుంది అన్నాడు. చూశారా, బుద్ధి వచ్చినా పూర్తిగా రాలేదు.

"కుదరదు మహారాజా," అంది పేరిందేవి. "ఆ పిల్ల అడిగింది నన్ను కాదు, వరసని. వరస మా అరుగు మీదే ఉంటుంది."

అట్లతద్ది నాడు మరకతం వచ్చి వరసలో చివర కూర్చుంది. తన వంతు వచ్చాక పేరిందేవి మోకాళ్ళ మధ్య కూర్చుని, కాసేపు తటపటాయించి, పట్టుగుడ్డ తీసింది. చిటికెన వేలంత జుట్టు, ఏ పాయకీ అందదు. పేరిందేవి నూనె రాసింది. చిక్కు లేకపోయినా చిక్కు పాట పాడింది. రోజూ కిటికీలోంచి పిల్ల విన్నది ఆ పాటే కదా. తర్వాత చిన్న చిన్న పాపిటలు తీసి, తలంతా మడులు చేసి, ఒక్కొక్క మడికి ఒక్కొక్క పిలక నిలబెట్టింది. ఎర్ర దారం ఒకదానికి, పచ్చ దారం ఒకదానికి. ప్రతి పిలక మొదట్లో ఒక కనకాంబరం. ముందువైపు రెండు పిలకలకి బుల్లి మువ్వలు. అంతా అయ్యాక అద్దం ఇచ్చింది. మరకతం తల అటు తిప్పింది, పిలకలన్నీ అటు ఊగాయి. ఇటు తిప్పింది, ఇటు ఊగాయి. ఎగిరింది, అవీ ఎగిరాయి. ఆ పిల్ల నవ్వు మొదలెట్టింది, చూసిన పిల్లలందరికీ అంటుకుంది.

"తల మీద నారుమడి పోసినట్టుందే," అంది అచ్చాయమ్మ, మురిసిపోతూ.

అంతా బాగుంది కదూ? అప్పుడొచ్చింది అసలు తంటా. బుల్లెమ్మ వాళ్ళమ్మ కొంగు పట్టుకుని, నాకూ పిలకలే కావాలి అంది. ఇంత జుట్టుకి పిలక నిలబడదే, బరువుకి వాలిపోతుంది అంది పేరిందేవి. అయితే కత్తిరించెయ్ అంది బుల్లెమ్మ. నాక్కూడా అని పక్కింటి పిల్ల. నాక్కూడా, నాక్కూడా అని గాదె పిల్ల, పంచె పిల్ల. అరుగు నిండా కత్తిరించెయ్, కత్తిరించెయ్ అని ఒకటే గోల. రాజుగారి డప్పు కూడా అంత మోత మోగలేదు.

పేరిందేవికి ఎక్కడ లేని కోపం వచ్చింది. దువ్వెన పైకెత్తింది. "రాజుతో పోట్లాడి మీ జుట్లు నిలబెడితే, ఇప్పుడు మీరే నరకమంటారటే? ఒక్కతి కత్తెర మాటెత్తిందంటే ఊరుకోను," అంటూ వెంటపడింది. పిల్లలు కేకలేస్తూ ఉయ్యాలల వైపు పరుగు. ఆ పరుగులో అందరికంటే ముందు మరకతం, పిలకలు ఊపుకుంటూ, నా జట్టులోకి ఎవరొస్తారు అని అడుగుతూ. నేనంటే నేనని వెనకాల పిల్లలంతా.

అంచేత మీరూ గుర్తుపెట్టుకోండమ్మా. ఎవరైనా దిగులుగా కనబడితే, వాళ్ళకేం కావాలో మనమే ఊహించేసుకుని ఊరి మీద పడకూడదు. పక్కన కూర్చుని నెమ్మదిగా అడగాలి. చెప్పేదాకా ఓపిక పట్టాలి. మిగతాది గౌరమ్మ తల్లి చూసుకుంటుంది.

కథ కంచి దారి పట్టింది. మనం కళ్ళు మూసుకుని నిద్ర దారి పడదాం.