నీ తల నీకు

ఇందులో ఆవగింజంత అబద్ధం లేదు. ఉంటే, చెప్పిన నాలుక మీద ముళ్ళవెదురు మొలుచుగాక.

జాజిగుమ్మి కొండరెడ్ల గూడెంలో పల్లాల గంగమ్మవ్వకు ఒక అలవాటు. ఏదైనా అడిగితే జవాబు చెప్పదు, పని చెబుతుంది. ఆమె దగ్గర అడవి విద్య నేర్చుకుందామని వచ్చినవాళ్ళలో సగంమంది నీళ్ళు మోసి మోసి, మెడలు భుజాల్లోకి దిగబడిపోయి ఇళ్ళకు మళ్ళారు. నిలబడినవాడు కెచ్చెల లచ్చిరెడ్డి ఒక్కడే. వాడికి అవ్వంటే గురి. తన గొంతంటే ఇంకాస్త గురి. ఆ గొంతు చేసిన మేలూ తక్కువది కాదు. కలప కోసేవాళ్ళు కొండెక్కినప్పుడు గూడెమంతా చెట్లకు అడ్డం కూర్చుంటే, లచ్చిరెడ్డి అరిచిన అరుపుకు ఏడు కొండల అవతల ఎలుగుబంట్లు కాపురాలు మార్చుకున్నాయి. చివరికి కొండ మీద హక్కు గూడేనికే దక్కింది.

ఆ కథ చెప్పమని పట్నంలో సభవాళ్ళు పిలిచారు. వెళ్ళి, పొద్దు వాలే వేళకు తిరిగొచ్చాడు. మెడలో శాలువా, భుజాన పొద్దున్నే తవ్వి పట్టుకెళ్ళిన అడవి దుంప. అదెంతుందంటే, బస్సులో దానికీ టిక్కెట్టు కొట్టారు. సీటు దానికి, నిలబడడం వీడికి.

అవ్వ వాకిట్లో దుంప దించి, చెమట తుడుచుకుని అడిగాడు.

"అవ్వా, కొండ మనదైపోయింది. ఇక దాన్ని ఎవరి నుంచి కాపాడాలి?"

"అది సరే. సభలో ఏం చెప్పావురా?"

"మన పద్ధతే చెప్పాను. దుంప తవ్వితే తీగతోపాటు తల కోసి మళ్ళీ గోతిలో పెడతాం, 'నీ తల నీకు, నా కడుపు నాకు' అని మన్ను కప్పుతాం, అది మళ్ళీ మొలుస్తుంది, అందుకే మా అడవి తరగదు అన్నాను. చప్పట్లు ఆగితే ఒట్టు. ఒక పెద్దాయనైతే కళ్ళు తుడుచుకున్నాడు."

"తుడుచుకుంటాడు మరి. అందరూ ఆకలి మీదున్నారు, కాల్చుకుందాం. ఏదీ, ఆ దుంప ఇటు తిప్పు."

తిప్పాడు. దుంపకు తల ఉంది. సభవాళ్ళు ఎర్ర రిబ్బను కట్టిన తీగతో సహా ఉంది. అవ్వ చేతిలో కత్తి ఆగిపోయింది. చుట్టూ చేరిన జనం మెడలు చాచారు, పొయ్యిలో మంట చిటపటలు మానేసింది.

"తలతో ఉంటే వేదిక మీద నిండుగా కనబడుతుందని..." కొండలు దాటే గొంతు పళ్ళు దాటలేదు.

"ఏ తీగరా ఇది?"

"వాగొడ్డు రాయి పక్కది."

ఆ తీగ సంగతి తెలియనివాళ్ళు గూడెంలో లేరు. లచ్చిరెడ్డి పుట్టిన కరువు ఏడాది వాళ్ళమ్మ దాని దుంప తినబట్టే వాడికి పాలివ్వగలిగింది. తల గోతిలో పెట్టి మన్ను కప్పింది. పోయేముందు ఆ చోటు వాడికి చూపించి మరీ పోయింది. బస్సు వేళైపోతోందని తవ్విన గొయ్యి తవ్వినట్టే వదిలి పరిగెత్తడం వాడికిప్పుడు కళ్ళకు కట్టింది. కలప కోసేవాళ్ళైనా మొద్దు మిగులుస్తారు. వాడి ముఖం కందగడ్డయింది. ఆ చెవుల వేడికి దుంప దానంతటదే కాలాల్సింది. తల వంచాడు, ఇంకా వంచాడు, గడ్డం మోకాళ్ళు దాటి నేలకు తగిలింది.

అవ్వ జానెడు మేర దుంప తల కోసింది. రిబ్బను విప్పి పొయ్యిలో పారేసింది. తీగ చుట్టిన ఆ తలను వాడి ఒళ్ళో పెట్టింది.

"దించాల్సింది నీ తల కాదురా, దానిది. వెలుగుండగానే పోయి రా. వచ్చేటప్పుడు దుంప పెట్టుకు తినడానికి నాలుగు అడ్డాకులు కోసుకురా. ఆకులే, కొమ్మ కాదు."