నాణెం వేయని చోటు

కరీముల్లా ప్రోగ్రాం మూడోసారి కూడా ‘వీలు కాదు’ అనే చెప్పింది.

డయాలసిస్ కేంద్రంలో రోగులు పెరిగారు, యంత్రాలు పెరగలేదు. ఎవరికి ఏ పూట ఇవ్వాలో తేల్చే పని అతను నెత్తిన వేసుకున్నాడు. ఒక్కొక్కరు మూడేసి కోరికలు చెప్పారు. ప్రతి ఒక్కరికీ కనీసం ఒకటైనా చెల్లాలి. ప్రోగ్రాం ఒక్కో కోరిక దగ్గర నాణెం ఎగరేసి, అవుననో కాదనో అనుకుని ముందుకు పోతుంది. ఇరుక్కుంటే వెనక్కి వచ్చి రెండో వైపు చూస్తుంది. ఎటూ దారి లేనప్పుడే వీలు కాదంటుంది.

మిగిలిపోయినవాడు ఓబుళపతి, గొర్రెల కాపరి. పొద్దు గూకితే అతని ఊరికి బస్సు లేదు. ఇక్కడ చోటు దొరక్కపోతే పక్క జిల్లాకు తిరగాలి. అంత దూరం తిరిగే ఒళ్లు కాదది.

“ఏం సారూ, నా పేరు పడ్లేదా?” అన్నాడు వరండాలోంచి. “గొర్రెలకైతే ఒక దొడ్డి సాలు. మనుషులకే ఇన్ని లెక్కలు!”

కరీముల్లా ల్యాప్‌టాప్ తీసుకుని లోపలికి వెళ్లాడు. అతనికి ఈ విద్య నేర్పిన విశాలాక్షి మేడమ్ కిటికీ పక్క మంచం మీద ఉన్నారు. ఎడమ చేతికి గొట్టాలు. ఆమెదీ ఈ కేంద్రమే, ఉదయం పూట.

“ప్రోగ్రాంలో తప్పు లేదు మేడమ్. ఎవరి పక్షమూ పట్టదు. ప్రతి చోటా నాణెమే.”

“ప్రతి చోటా?”

“ప్రతి చోటా.”

ఆమె కుడి చేత్తో కోడ్‌ను మొదటికంటా జరిపారు. ఒక వరుస దగ్గర ఆగారు.

అక్కడ నాణెం లేదు. ‘విశాలాక్షి, ఉదయం: అవును.’ ప్రోగ్రాం ఎంత వెనక్కి వచ్చినా ఆ వరుసను ముట్టుకోకుండా అతనే కట్టేశాడు. రాస్తున్నప్పుడు అది తన నిర్ణయమని కూడా అనిపించలేదు. మేడమ్ ఉదయం కాక ఇంకెప్పుడు వస్తారు?

“నేను మూడు చెప్పాను కదా. మూడోది ఏమిటి?”

“సాయంత్రం. కానీ మేడమ్, సాయంత్రానికి మీకు నీరసం...”

ఆమె దిండు కింది పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి కీబోర్డు మీద పెట్టారు.

“ఎగరెయ్యి. బొమ్మయితే ఉదయం.”

బొమ్మ పడింది. ఉదయం మేడమ్‌కే. కరీముల్లా ఊపిరి పీల్చుకున్నాడు.

“సరే, బొమ్మే ఉండనీ,” అన్నారు ఆమె, ఆ వరుసకు వేసిన కట్టు చెరిపేస్తూ. “వెనక్కి రావడానికి మాత్రం దారి ఉంచు.”

ప్రోగ్రాం బొమ్మతోనే బయల్దేరింది. ఇరుక్కుంది. వెనక్కి వచ్చింది. మళ్లీ ఇరుక్కుంది. చివరికి మొదటి వరుస దాకా వచ్చి, అవును కాస్తా కాదు చేసుకుని, మళ్లీ బయల్దేరింది. ఈసారి ఆగలేదు.

ఓబుళపతికి ఉదయం దొరికింది. కరీముల్లా తెరను ఆమె వైపు తిప్పలేకపోయాడు.

“సాయంత్రమేనా?” అన్నారు ఆమె.

“అవును మేడమ్.”

“బయట ఆయన నిలబడే ఉన్నాడు. వెళ్లి చెప్పు.”

అతను బిళ్ల తిరిగి ఇవ్వబోయాడు.

“ఉంచుకో. నేను పోయాక ఆ వరుసలో నాణెం వెయ్యకుండానే ఇంకెవరినో కూర్చోబెడతావు.”