గిజిపిట్ట గిజిగాడైన వైనం

“గూళ్ళ పోటీ! గూళ్ళ పోటీ! నెగ్గినవాళ్ళకి నూతి మీది కొమ్మ!”

తుమ్మచెట్టు మీది పిట్టల వీధంతా ఒకటే కేక. ఒకప్పుడు, అంటే గిజిగాడిని ఇంకా గిజిపిట్ట అనే రోజుల్లో, ఆడా మగా ఇద్దరూ గూళ్ళు అల్లేవాళ్ళర్రా.

ఆ కేక వినగానే గరికమ్మ అనే ఆడపిట్ట ముక్కులోని గడ్డిపోచ జారిపోయింది. పాపం, కిందటేడు పామొచ్చి ఆమె గుడ్లన్నీ మింగేసింది. నూతి మీదికి వాలిన ఆ కొమ్మ చివరికైతే పాము పాకలేదు. ఈసారి ఆ కొమ్మ దక్కాల్సిందే!

రివ్వున బయల్దేరింది. పిట్టల పెద్ద ముక్కయ్య తాత అడ్డొచ్చాడు.

“ఎక్కడికే?”

“పోటీకి, తాతా.”

“ఆడకూతురివి, పోటీలేమిటే! నువ్వు నెగ్గితే మీ ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు?”

“ఓడితే?”

“ఓడితే నీ పరువు పోదూ!”

“అంటే నెగ్గినా తప్పే, ఓడినా తప్పేనా?”

“అదీ! ఇప్పటికి బుర్రకెక్కింది!” అని తాత తెగ మెచ్చుకున్నాడు. “అసలు ఆడవాళ్ళకి పుట్టుకతోనే పోటీలు గిట్టవు. పోనీ, మీ ఆడవాళ్ళు తీర్పు చెప్పండి. కూర్చునే పనేగా!”

మగవాళ్ళంతా రెక్కలు చరిచారు. ఆ ఊపులోనే ‘గిజిపిట్ట’లో ‘పిట్ట’ తీసేసి ‘గాడు’ కూడా తగిలించుకున్నారు, మగతనం తెలియాలిగా మరి!

గరికమ్మ తీర్పుకి కూర్చుంది. మొదటి గూడు ముక్కుతో ఒక్క గుంజు గుంజింది. ఊడి కిందపడింది. అది ముక్కయ్య తాతదే! రెండోదీ అంతే. మూడోది మొగుడు ఈనయ్యది.

“మనింటిదే కదే, కాస్త చూసీచూడనట్టు...” అని గొణిగాడు ఈనయ్య.

“గుడ్లు పెట్టేది నేను. విప్పు!”

మూడుసార్లు విప్పి నాలుగోసారి అల్లాడు. గరికమ్మ గుంజింది. ఊడలేదు. పట్టుకు వేలాడింది. అయినా ఊడలేదు.

“నెగ్గావు! ఇక ఇలాంటిదే నూతి మీది కొమ్మకి కట్టు.”

“మళ్ళీనా!” అని కూలబడ్డాడు ఈనయ్య. కాసేపటికి లేచి కట్టాడనుకోండి. ఆ ఏడు గరికమ్మ పిల్లలన్నీ ఎగిరాయి.

అప్పటినుంచే గిజిగాడు చెమటోడ్చి గూడు అల్లుతాడు, ఆడపిట్ట గుంజి చూస్తుంది. నచ్చనివి సగంలోనే గాలికి ఊగుతుంటాయి. ఇదేం చోద్యమని అడిగితే, “మా మగాళ్ళకి గూడు కట్టడం పుట్టుకతోనే ఇష్టం!” అంటారు ముక్కయ్య మనవలు. గరికమ్మ మనవరాళ్ళు “అవునవును” అని ఆవలిస్తారు. పొద్దువాలితే మాత్రం కట్టినవాళ్ళూ కూర్చున్నవాళ్ళూ అంతా ఒకే జొన్నచేలో చేరి, కబుర్లాడుతూ కలిసి తింటారు.