పొయ్యి ఆరిపోయిన వీధి

అనగనగా ఒక ఊళ్ళో... ఆగండాగండి. పండూ, ముందు ఆ కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. రేపు దగ్గావంటే మీ అమ్మ నన్నంటుంది. ఆఁ, అనగనగా ఒక ఊళ్ళో ఒక పాత వీధి. అటూ ఇటూ పెంకుటిళ్ళు. ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. వేపమాను స్తంభాలు, తాటిదూలాలు, చెయ్యి వేస్తే నున్నగా జారిపోయే గుమ్మాలు. ఎవరు కట్టారో ఎవరికీ గుర్తులేదు, అంత పాతవి.

ఆ ఊరి రాజుగారికి ఏనుగులంటే మహా పిచ్చి. కొత్తగా బోలెడు ఏనుగుల్ని తెప్పించాడు, కట్టెయ్యడానికి చోటు లేదు. కన్ను ఈ వీధి మీద పడింది. ఈ పాత కొంపలెందుకు, పడగొట్టి ఏనుగులసాల కట్టండన్నాడు.

వీధివాళ్ళు లబోదిబోమన్నారు. వాళ్ళకో వీధి పంచాయితీ ఉండేది. దానికి పెద్ద గవర్రాజు. నోరు పెద్దది, మీసం ఇంకా పెద్దది, మనసు మాత్రం మంచిదేలే. అందర్నీ వెంటబెట్టుకెళ్ళి రాజుగారి కాళ్ళమీద పడ్డాడు. మా తాతలు పుట్టిన ఇళ్ళు బాబూ అని ఏడ్చాడు. రాజు కాస్త మెత్తబడ్డాడు. మా తాతగారి మేడ చూశారా, ఆయన మీది గౌరవం కొద్దీ తాళం వేసి, ఈగని కూడా వాలనివ్వకుండా కాపలా పెట్టాను, పాతవాటిని కాపాడడమంటే అదీ అన్నాడు. ఈ వానలు వెళ్ళాక వస్తాను, ఒక్క ఇల్లు కుంగినా వీధి మొత్తం ఏనుగులకే అన్నాడు.

ఊ కొడుతున్నారా? కొట్టండర్రా, లేకపోతే నాకు నేనే చెప్పుకుంటున్నట్టుంది.

గవర్రాజు ఆ మాట పట్టుకుని పంచాయితీలో రోజుకో కట్టుబాటు పెట్టాడు. గోడకి మేకు కొట్టకూడదన్నాడు. సరే, మేకు కొట్టలేదు. దండెం కట్టకూడదన్నాడు. సరే, దండెం కట్టలేదు. పొయ్యి వెలిగించకూడదన్నాడు, పొగకి దూలాలు నల్లబడతాయట! సరే, అదీ ఆర్పేశారు. చివరికి గడపే తొక్కకూడదన్నాడు. ఇల్లుండాలి, ఇంట్లో మనిషి ఉండకూడదు. చోద్యం కాకపోతే ఏమిటి చెప్పండి? అందర్నీ పెరటిపాకల్లోకి తోలి, ఇళ్ళకి తాళాలు వేసి, తాళంచెవులన్నీ మొలతాడుకి కట్టుకున్నాడు. నడుస్తుంటే గలగల గలగల.

ఈ గవర్రాజు కోడలు కోటమ్మ. దానికి పుట్టిల్లంటూ లేదు పాపం, చిన్నప్పుడే అందరూ పోయారు. ఉన్నదల్లా ఈ అత్తవారిల్లే. అప్పుడది కడుపుతో ఉంది. ఈ ఇంట్లోనే పురుడు పోసుకోవాలని దాని పట్టు. మామగారేమో, పిల్ల పుడితే పాకలో పుడుతుంది, ఇల్లు ముట్టుకోకు అన్నాడు.

వాళ్ళ అటకమీద ఒక ముసలి దయ్యం ఉండేది. భయపడకే చిట్టీ, అది ఎవర్నీ ఏమీ అనదు. ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేసేది, అంతే. ఒకనాడు మిట్టమధ్యాహ్నం కోటమ్మ పాక ముందు బియ్యం ఏరుకుంటుంటే, ఆ దయ్యం నెత్తిన మూట పెట్టుకుని బయల్దేరింది. ఎక్కడికే అంటే, ఇంక ఉండలేనే తల్లీ, పొగ లేదు, అలికిడి లేదు, దూలం నిండా చెదపురుగులు, ఒకటే కరకర, నా కాళ్ళమీదకీ పాకుతున్నాయి అని ఏడ్చింది. దయ్యమే ఉండలేకపోతే ఇంక ఆ ఇల్లేం నిలుస్తుంది?

కోటమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. కొంగు బిగించింది, రోకలి పట్టుకుంది, తిన్నగా పంచాయితీ మధ్యకి పోయి నిలబడింది.

"మామయ్యగారూ, తాళంచెవి ఇస్తారా, తలుపు విరగ్గొట్టనా?" అంది.

గవర్రాజు మీసం నిక్కబొడుచుకుంది. నీవల్ల వీధంతా పోతుందే, రాజుగారికేం చెప్పను అని గయ్యిమన్నాడు. రాజుగారికి నేను చెప్పుకుంటాను, ముందు తలుపు తీయండి అంది. ఆయన గొణుక్కుంటూనే తీశాడు. కోటమ్మ వెళ్ళి స్తంభాన్ని రోకలితో తట్టింది. డబ్ డబ్. లోపలంతా డొల్ల! జలజలా పొట్టు రాలింది. గవర్రాజు అక్కడే కూలబడిపోయి, నా చేతులారా నేనే చంపుకున్నానే తల్లీ అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత ఏడుద్దురుగాని మామయ్యగారూ, ముందు పొయ్యిలు రాజేయించండి అంది కోటమ్మ. ఇంక చూడండి! పొయ్యి రాజితే పొగ లేచింది. పొగ లేస్తే పురుగు పోయింది. పురుగు పోతే పుచ్చు బయటపడింది. పుచ్చు తీస్తే కొత్త చెక్క వచ్చింది. వీధంతా కలిసి ఒక ఇల్లయ్యాక ఒక ఇల్లు పట్టారు. ఒకళ్ళు పెంకులు సర్దారు, ఒకళ్ళు సున్నం కొట్టారు. దయ్యం కూడా వెనక్కొచ్చి, మూట విప్పి అటక ఊడ్చుకుంది.

వానలు వెళ్ళాయి, రాజు వచ్చాడు. నల్లబడ్డ దూలాలు, కొత్త స్తంభం, గోడలనిండా పిల్లల బొగ్గుగీతలు. ఇదా కాపాడడమంటే, పడగొట్టండి అని గుడ్లురిమాడు. అంతలో ఇంట్లోంచి కేర్‌మని చంటిపిల్ల ఏడుపు. కోటమ్మ ఆ ఇంట్లోనే పురుడు పోసుకుందిగా! పిల్లని ఎత్తుకుని గుమ్మం చాటునుంచే మాట్లాడింది. మహారాజా, మీ తాతగారి మేడ తలుపు ఎప్పుడైనా తీశారా, ఒక్కసారి తట్టి చూసి రండి, అది గట్టిగా ఉంటే ఈ ఇళ్ళు మేమే పడగొడతాం అంది.

రాజుకి ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాడు. తాళం తీయించి, చిన్నప్పుడు తాను పట్టుకుని గిరగిరా తిరిగిన స్తంభం మీద చెయ్యి వేశాడు. చెయ్యి మోచేతిదాకా లోపలికి దిగిపోయింది. గుప్పెట్లోకి మన్ను వచ్చింది. ఆ మన్ను పట్టుకుని, ఏనుగు కూడా ఎక్కకుండా నడిచొచ్చాడు. మా తాత మేడ నేనే పురుగులకి పెట్టేశాను, మిగిలిందైనా ఎలా నిలబెట్టుకోనమ్మా అని అడిగాడు.

కోటమ్మ తన పొయ్యిలోంచి నాలుగు నిప్పుకణికలు మట్టిమూకుట్లో వేయించి రాజు చేతికిప్పించింది. ముందు పొయ్యి రాజేసుకోండి, పని చెయ్యడానికి మేమంతా వస్తాం అంది. అలాగే వెళ్ళారు కూడా. మేడలో మనుషులు మసిలారు, వీధి జోలికి మళ్ళీ ఎవరూ రాలేదు, ఏనుగులు రాజుగారి మామిడితోపులో హాయిగా ఉన్నాయి, గవర్రాజు మనవరాలి ఉయ్యాల దయ్యం ఊపింది.

మనం మసిలితేనే ఇల్లు నిలుస్తుందర్రా. అందుకే గ్యాసున్నా సరే, ఆదివారం ఆదివారం నేను వసారాలో కట్టెలపొయ్యి రాజేస్తాను. కళ్ళు మండుతున్నాయని మీ మావయ్య గొణిగితే గొణగనీ, నేను మాత్రం మానను. కథ కంచికి పోయింది. మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నాం. పడుకోండి.